తీతువు గూళ్ళకు ఎర్రజెండాలు

ఆరా పుట్టగానే ఏడవలేదట. కళ్ళు తెరిచి ముందు నర్సు చేతిగడియారం వంక చూసిందట. తర్వాత పైన ఫ్యాను వంక చూసి, అదెందుకు తిరగడం లేదో ఎవరైనా చెబుతారేమోనని కాసేపు ఆగి, ఎవరూ చెప్పకపోయేసరికి అప్పుడు ఏడ్చిందట. నేను ఆ గదిలో లేను. కానీ ఈ మాట ఇరవై మూడేళ్ళుగా కనీసం నాలుగు వందల మందికి చెప్పాను. ఒక్కరూ కాదనలేదు.

అసలు పేరు స్కూలు సర్టిఫికెట్లో భద్రంగా ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఆమే తిరిగి చూడదు. కనిపించిన ప్రతిదాని గురించీ ఆరా తీస్తుంది కాబట్టి ఆరా.

మా ఇంటికెదురుగా పాల కేంద్రం. నడిపేది వాళ్ళమ్మ. కింది గదిలో సిమెంటు నేల ఏ వేళ చూసినా తడిగానే ఉంటుంది. గోడ వారగా క్యాన్లు, తలుపు పక్కన పాలలో వెన్న ఎంతుందో చూపించే మిషను. ఇటుపక్క నేను నా కుట్టుమిషను కిటికీ దగ్గరే వేసుకున్నాను, వెలుతురు కోసం. ఆ కిటికీలోంచి వెలుతురు తప్ప అన్నీ వస్తాయని గిట్టనివాళ్ళు అంటారు.

ఐదేళ్ళప్పుడు ఆరా ఆ వెన్న మిషను విప్పేసింది. విప్పి, గంటలో మళ్ళీ బిగించింది. ఒక స్క్రూ మిగిలింది. వాళ్ళమ్మ గుండె బాదుకుంది. తీరా చూస్తే మిషను మునుపటికంటే చప్పుడు లేకుండా తిరుగుతోంది. "ఆ స్క్రూ ఎందుకు పెట్టారో మరి" అని ఆ పిల్ల వారం రోజులు దాన్ని జేబులో వేసుకుని తిరిగింది.

పశువుల డాక్టరైతే ఆమెను చూస్తే బండి పక్క వీధికి తిప్పేవాడు. "డాక్టరుగారూ, ఆవు నెమరేసేటప్పుడు దవడ ఎడమవైపే ఎందుకు తిప్పుతుంది?" అని ఒకసారి అడిగింది. పాపం ఆయన వైద్యం మానేసి మూడు రోజులు ఆవుల మూతులు చూస్తూ తిరిగాడు. "సగం ఆవులు కుడివైపే తిప్పుతున్నాయమ్మా" అని తేల్చి చెబితే, "మరి ఏది ఎటు తిప్పాలో వాటికెవరు చెప్పారు?" అంది.

వ్యవసాయం డిప్లొమాలో చేరింది కానీ పూర్తి చేయలేదు. "అది సిలబస్‌లో లేదమ్మా" అని మాస్టారు అన్న రోజే బ్యాగు సర్దుకుని వచ్చేసింది. వాళ్ళమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు రైతు సంఘం ట్రాక్టరు డ్రైవరు నడుం పట్టేసి మంచమెక్కాడు. గడ్డి కోత నెత్తి మీదికొచ్చింది. ఆరా వెళ్ళి ట్రాక్టరెక్కింది. ఇక దిగలేదు.

ఆ రైతు సంఘం అధ్యక్షుడు ఆమె సొంత బాబాయి. నన్ను అక్కా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఏ ఖాళీ చోటు చూసినా ఆయన కాళ్ళు వాటంతటవే అడుగులు కొలుస్తాయి. కాలవ పక్కన సంఘానికి ఒక పచ్చిక బీడు ఉంది. ఏడాదికి రెండుసార్లు అందులో గడ్డి కోసి సభ్యుల పశువులకు పంచుతారు. ఆ బీడు దున్ని మొక్కజొన్న వేస్తే మేత మూడింతలవుతుందని ఆయన అయిదేళ్ళుగా అంటున్నాడు.

ఆరాకి ఆ బీడుతో తగువు, కోతకి వెళ్ళిన మొదటి ఏడే మొదలైంది.

ఆ రోజు కోత మిషను వెనక తగిలించుకుని రెండో చుట్టు తిరుగుతోందట. ఒక తీతువు పిట్ట ట్రాక్టరు ముందుకొచ్చి నిలబడింది. గుప్పెడంత పిట్ట, పొడుగు పసుపు కాళ్ళు. రెక్కలు చాపి, అంత ట్రాక్టరుని పట్టుకుని నానా తిట్లూ తిట్టింది. ఆరా ఆపేలోపే టైరు వెళ్ళిపోయింది. దిగి చూస్తే నేల మీద చిన్న గుంట, నాలుగు గుడ్ల పచ్చసొన. పిట్ట వెళ్ళిపోలేదు. ఆరా చూస్తుండగానే ఆ తడి మీదే వచ్చి కూర్చుంది.

మిగిలిన బీడు కోయకుండా నేరుగా నా దగ్గరికొచ్చింది.

"అత్తా, లేని గుడ్ల మీద అదెందుకు కూర్చుంది?"

"నాకేం తెలుసే? నేనేమైనా గుడ్లు పెట్టానా?"

నవ్వలేదు. ఆ రోజు వాళ్ళింట్లో భోజనం కూడా చేయలేదని వాళ్ళమ్మ చెప్పింది. మర్నాటి నుంచి ఊళ్ళో ముసలీ ముతకా ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: తీతువుల్ని ఆఖరిసారి ఎక్కడ చూశారు? ఒకప్పుడు ప్రతి చేలోనూ ఉండేవట. తెల్లారగానే వాటి గోలకి నిద్ర పట్టేది కాదట. ఇప్పుడు తిరిగి తిరిగి చూస్తే కాలవ పక్క బీడులో తప్ప ఇంకెక్కడా లేవు. ఆ పిట్ట చెట్టు మీద గూడు కట్టదు. నేల మీద నాలుగు గులకరాళ్ళు పేర్చుకుని అక్కడే గుడ్లు పెడుతుంది. ఏటా దున్నే నేలలో దాని సంసారం సాగదు.

పోయినేడాది సంఘం ఆఫీసులో సభ్యులందరి ముందూ బాబాయి ఇక దుక్కి ఖాయం అన్నాడు. ఆ రోజు నేను కర్టెన్లకి కొలతలు తీసుకోవడానికి అక్కడే ఉన్నాను. ఒక కిటికీకి కొలత తీయడానికి నాకు గంటంపావు పట్టింది, ఎందుకంటే వాళ్ళ మాటలు అంతసేపూ సాగాయి.

"బాబాయ్, ఆ బీడు దున్నొద్దు."

"ఎందుకు?"

"తీతువులున్నాయి."

"ఉంటే?"

"ఇంకెక్కడా లేవు."

"నేను రైతు సంఘం అధ్యక్షుణ్ణా, పిట్టల సంఘం అధ్యక్షుణ్ణా? రేపు వేసవిలో మేత చాలకపోతే సభ్యులొచ్చి నా చొక్కా పట్టుకుంటారు. నీ పిట్టలొస్తాయా విడిపించడానికి?"

"ఒక్క ఏడు చూడు బాబాయ్. కోత మిషను కింద పడకుండా కాపాడితే అవే పెరుగుతాయి."

"ఎన్ని పెరుగుతాయి? నోటికొచ్చిందంతా నువ్వు చెప్పడం, నేను వినడం. లెక్క చెప్పు." అని బల్ల మీద వేళ్ళతో కొట్టాడు. "సరే. వచ్చే కోతల కాలంలో పది గూళ్ళలో గుడ్లు పొదిగి పిల్లలు లేచాయని చూపించు. విత్తనాల ముందు లెక్క చూస్తాను. పదికి ఒక్కటి తగ్గినా సరే, నాగళ్ళు దిగుతాయి. దింపేది కూడా నువ్వే. డ్రైవరువి నువ్వేగా."

ఆరా సరే అంది. అయినా, "ఒక షరతు" అంది. "మనుషులు నడిచి చూశాకే ఆ బీడులో మిషను దిగాలి. కోతకైనా, దుక్కికైనా."

"నడవండమ్మా. కాళ్ళు మీవి, నాకేం నొప్పి?"

అలా ఆ ఒప్పందం కుదిరింది. పది గూళ్ళు లేస్తే బీడు ఉంటుంది. లేకపోతే ఆ పిల్ల చేత్తోనే పోతుంది.

ఊళ్ళో యువరైతు సంఘం అని ఒకటుంది. కాగితం మీద నలభైమంది. వాలీబాల్ ఉంటే అరవైమంది. పని ఉంటే తొమ్మిదిమంది. పాల కేంద్రం మేడ మీద గదిలో కూర్చుంటారు. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పాత బెంచీ, కన్నాలు పడిన వాలీబాల్ నెట్టు, అంతే. వాళ్ళలో పెద్ద మాటకారి బ్యాటరీ. వాడి ఫోను ఎప్పుడూ చచ్చిపోయి ఉంటుంది, వాడు మాత్రం ఎప్పుడూ ఫుల్ ఛార్జింగులో ఉంటాడు. ఇంట్లో పదకొండు ఆవులు, అన్నిటికీ వాడే చాకిరీ.

"పిట్టల కోసం తెల్లారగట్ట లేవాలా?" అన్నాడు బ్యాటరీ.

"ఆవుల కోసం లేస్తావుగా."

"ఆవు పాలిస్తుందే. తీతువు ఏమిస్తుంది? తిట్లు."

"అవెందుకు తిడతాయో చూద్దాం రా" అంది ఆరా.

ఆ పిల్ల దగ్గర ఉన్న విద్య అదే. రమ్మని బతిమాలదు, మంచి పని అని ఉపన్యాసం చెప్పదు. ఏదో ఒక ప్రశ్న నీ చెవిలో వేసి వెళ్ళిపోతుంది. అది తేలేదాకా నీకు తిండి సహించదు. వారంలో తొమ్మిదిమందీ బీడులో ఉన్నారు.

వాళ్ళు వెతికే పద్ధతి చూడాల్సిందే. పొడుగాటి తాడు ఒకటి, రెండేసి అడుగులకి ఒక ముడి. ముడికొకరు చొప్పున పట్టుకుని వరసలో నిలబడి, తాడు బిగువు తగ్గకుండా అడుగులో అడుగేసుకుంటూ బీడు ఈ కొస నుంచి ఆ కొసకి నడవాలి. కళ్ళు నేల మీదే. తీతువు గుడ్డు మట్టి రంగులో, నల్ల మచ్చలతో ఉంటుంది. కంటి ముందున్నా కనపడదు. పిట్ట లేచి గోల చేసిందంటే ఆగిపోవాలి. ఎవరూ కాలు కదపకూడదు. ఆరా ఒక్కతే వంగి, నేలను చేత్తో తడుముకుంటూ వచ్చి చూస్తుంది. నాలుగు గుడ్లు, మొనలన్నీ లోపలికి తిప్పి పెట్టి ఉంటాయి.

గూడు దొరికిన ప్రతిచోటా ఒక పుల్ల పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టారు. కోత రోజున ట్రాక్టరు మీద నుంచి కనపడాలి కదా, చుట్టూ కాస్త గడ్డి వదిలేసి పోవచ్చు. గుడ్డ నేనే ఇచ్చాను. ఒక స్కూలుకి ఆటల జెండాలు కుట్టగా మిగిలిన తాను నా దగ్గర పడి ఉంది. మంచి గుడ్డ, మైలు దూరం నుంచి కనపడుతుంది. నేను గొప్పలు చెప్పుకుంటున్నానని కాదు కానీ, అంత ఎరుపు ఇంకో దుకాణంలో దొరకదు.

అయిదు రోజుల్లో పదిహేడు గూళ్ళు దొరికాయి. పదిహేడు! బీడుకి జ్వరమొచ్చి ఎర్రటి పొక్కులు లేచినట్టుంది. బ్యాటరీ వీధి వీధీ తిరిగి, "పది అడిగితే పదిహేడు. మిగిలిన ఏడూ బాబాయి గారికి బోనస్" అని చెప్పుకున్నాడు. నేను ఇరవై అని చెప్పాను. రౌండుగా ఉంటుందని.

తర్వాత ఒక్కో గూడూ మాయమవడం మొదలైంది.

మొదట కాలవ గట్టు వైపు మూడు. రెండ్రోజులకి ఇంకో రెండు. వెళ్ళి చూస్తే పుల్ల ఉంది, ఎర్రగుడ్డ ఉంది, గుడ్లు లేవు. ఒకచోట పెద్ద పెంకు ముక్క, దానికి అంటిన సొన. పన్నెండు రోజులు తిరిగేసరికి ఎనిమిది గూళ్ళు ఖాళీ అయ్యాయి. పదిహేడు కాస్తా తొమ్మిదయ్యాయి.

ఇక్కడ నా పాత్ర కొంచెం ఉంది. కాలవ గట్టు మీద బాతులు పెంచే ఆయన ఒకడున్నాడు. ఒంటరివాడు, పెద్దగా మాట్లాడడు. రోజూ బుట్ట పట్టుకుని బీడు పక్క నుంచే వెళతాడు. ఆ బుట్టలో ఏముంటుందో అని నేను ఒకరి దగ్గర అన్నాను, అంతే. సాయంత్రానికి ఆ బుట్టలో ముప్పై తీతువు గుడ్లు ఉన్నాయట. మర్నాటికి ఆయన వాటిని పట్నానికి పంపిస్తున్నాడట. మూడో రోజు బ్యాటరీ పొయ్యి ఊదే గొట్టం ఒకటి పట్టుకుని ఆయన పాకకి బయలుదేరాడు.

ఆరా అడ్డం పడింది. "నువ్వు చూశావా?"

"ఊరంతా అంటోంది."

"ఊరంతా అంటే ఎవరు?"

బ్యాటరీ నా కిటికీ వైపు చూశాడు. నేను సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను. అది ఆ రోజు ఎంతకీ ఎక్కలేదు.

ఆరా తనే ఆ బాతులాయన పాకకి వెళ్ళింది. నన్నూ లాక్కెళ్ళింది. ఆయన బుట్ట మా ముందు బోర్లించాడు. అన్నీ బాతు గుడ్లే, తెల్లగా నా పిడికిలంత. "రోజూ ఇవే తిని నోరు చచ్చిపోయిందమ్మా" అన్నాడు. "ఇంక పిట్టగుడ్లు కూడానా? నీకు కావాలంటే నువ్వే ఇవి నాలుగు తీసుకెళ్ళు." నాకు ఆరు ఇచ్చాడు. నేను చచ్చినంత సిగ్గుపడి తీసుకున్నాను.

"మరి ఎవరు తింటున్నట్టు?" అన్నాను తిరిగొస్తూ.

"అదే నాకూ తెలియాలి" అంది ఆరా. ఆ మాట అన్నప్పుడు ఆ కళ్ళల్లో ఏడుపు లేదు. వెన్న మిషను ముందు కూర్చున్న ఐదేళ్ళ పిల్ల కళ్ళు అవి.

మనిషి నిలబడితే పిట్టలు, జంతువులు అన్నీ బెదురుతాయి. ట్రాక్టరుకి బెదరవు, రోజూ చూసేదే కదా. అందుకని పొద్దున్నే ట్రాక్టరు తీసుకెళ్ళి బీడు గట్టు మీద ఆపింది. ఇంజను కట్టేసి క్యాబిన్‌లోనే కూర్చుంది. మంచినీళ్ళు, రొట్టె, అంతే. నేను టిఫిను క్యారియరు ఇచ్చే వంకతో వెళ్ళి పక్కన ఇరుక్కున్నాను. ఆ క్యాబిన్ ఒక్క మనిషికి కట్టింది. నాకు సగం సీటు, గేరు రాడ్డు వచ్చాయి.

ఎండెక్కాక ఒక కాకి వచ్చింది.

అది నేల మీద వెతకలేదు. సరాసరి వచ్చి మొదటి పుల్ల మీద వాలింది. కిందకి వంగి చూసింది. అక్కడ గూడు మొన్నే ఖాళీ అయింది. లేచింది, రెండో పుల్ల మీద వాలింది. అదీ ఖాళీయే. లేచింది. మూడో పుల్ల. మా పాలబ్బాయి ఇంటింటికీ ఆగినట్టు, ఒక్క పుల్లా వదలకుండా వరసగా వస్తోంది.

ఆరా నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"అత్తా," అంది, "దానికి గుడ్లు కనపడవు. మనకే కనపడవు కదా, దానికీ కనపడవు. దానికి కనపడేది జెండా."

నాలుగో పుల్ల కింద పిట్ట ఉంది. కాకి వాలగానే పిట్ట లేచి దాని నెత్తి మీద పడింది. ఆరా హారన్ కొట్టింది. ఆ హారన్ పక్క ఊళ్ళో ఎద్దులు కూడా విని ఉంటాయి. కాకి పోయింది. 

ఎర్రజెండాలు పెట్టి మరీ విందుకి పిలిచాం. గుడ్డ నాదే. మైలు దూరం నుంచి కనపడే గుడ్డ.

ఆ సాయంత్రం పాల కేంద్రం మేడ మీద పెద్ద గొడవ జరిగింది. బ్యాటరీ జెండాలన్నీ పీకేద్దాం అన్నాడు. పీకేస్తే వారంలో కోత, అప్పుడు గూళ్ళెక్కడున్నాయో ట్రాక్టరుకెలా తెలుస్తుందని ఇంకో అమ్మాయి లేచింది. కాకుల్ని తరుముదాం అన్నారొకరు. ఎన్నింటిని? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరు? తిట్టుకున్నారు, కుర్చీ ఒకటి విరిగింది. అది అంతకు ముందే విరిగి ఉందని తర్వాత తెలిసింది.

ఆరా విరిగిన కుర్చీ కాలు తిప్పి తిప్పి చూస్తోంది. చివరికి, "ఏమీ లేని చోట పుల్ల పాతితే ఆ కాకి ఏం చేస్తుంది?" అంది.

అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. అందరికీ ఆ సంగతి తెలుసుకోవాలనిపించింది మరి.

మర్నాడు గూళ్ళ దగ్గర పుల్లలు పీకేసి, ఏమీ లేని చోట్ల పాతారు. పది, ఇరవై కాదు, నూట యాభై. నా తాను మొత్తం అయిపోయింది. కాకి వచ్చింది. మొదటి పుల్ల, రెండో పుల్ల, మూడు, నాలుగు. ముప్పై రెండో పుల్ల దగ్గర నేల పొడిచి చూసింది. నలభై దాకా ఓపిక పట్టింది. తర్వాత గట్టు మీద కూర్చుని మా వైపు చూస్తూ చాలాసేపు అరిచింది. ఏం అందో మనకి తెలియదు కానీ మంచి మాటలు మాత్రం కావు. నాలుగు రోజుల్లో జెండాల వంక చూడటం మానేసింది.

మరి నిజం గూళ్ళు? వాటిని మనుషులు పంచుకున్నారు. తొమ్మిది గూళ్ళు, తొమ్మిదిమంది. నీ గూడు నువ్వే గుర్తుపెట్టుకోవాలి. రాసుకోకూడదు, అక్కడ ఏ ఆనవాలూ ఉంచకూడదు. గట్టు మీది ఫలానా రాయి దగ్గర నిలబడి, ఎదురుగా పంపుషెడ్ తలుపుకేసి చూస్తూ ఎన్ని అడుగులు, తర్వాత ఏ పక్కకి ఎన్ని, అంతా కాళ్ళకే నేర్పాలి. బ్యాటరీ ఆవులకి గడ్డి వేస్తూ కూడా గొణుక్కునేవాడు: "నూట పద్నాలుగు, ఎడమకి ఇరవై ఒకటి." వాళ్ళ నాన్న వాణ్ణి డాక్టరుకి చూపిద్దామనుకున్నాడు.

కోత రోజున ఎవరి గూడు దగ్గరికి వాళ్ళు వెళ్ళి జెండాల్లా నిలబడ్డారు. ట్రాక్టరు వాళ్ళ దాకా వచ్చి, చుట్టూ తిరిగి, మంచమంత గడ్డి వదిలేసి పోయింది. అది దాటగానే ఆ మనిషి పరుగున గట్టెక్కాలి, పిట్ట తిరిగి గూటికి రావాలి. పిట్టలు మాత్రం మనుషుల మేలు ఏమీ తలచుకోలేదు. ఆ తొమ్మిదిమందిలో ఉన్న కవల అక్కచెల్లెళ్ళిద్దరి జడలూ పీకాయి. బ్యాటరీ నెత్తి మీద చేసిన పని నేను చెప్పను.

మరో మూడు రోజులకి పిల్లలు లేచాయి. లేచినట్టు ఎలా తెలుస్తుందో ఆరా నాకు చూపించింది. కాకి తింటే పెద్ద పెంకులు, సొన. పిల్లలు లేస్తే గుంటలో బియ్యపు నూకంత పెంకు ముక్కలు మాత్రం ఉంటాయి. మిగతా పెంకు తల్లే ఎత్తుకుపోయి దూరంగా పారేస్తుంది. తొమ్మిది గూళ్ళలోనూ ఆ నూక దొరికింది. తొమ్మిది.

లెక్క రోజున బాబాయి నన్ను వీధిలోనే ఆపాడు. "ఎన్ని అక్కా?"

"పన్నెండు తమ్ముడూ. నా కళ్ళతో చూశాను." ఏం చేయను, నోరు ఊరుకోదు.

సంఘం ఆఫీసులో ఆరా నిలబడి, "తొమ్మిది" అంది.

"మీ అత్త పన్నెండు అంది."

ఆరా నా వంక చూసింది. "అత్తా, మిగతా మూడూ ఎక్కడ?"

నేను పైకప్పు రేకులు లెక్కపెట్టాను.

బాబాయి పెన్నుకి మూత పెట్టాడు. "పది అన్నాను అమ్మాయ్. సభ్యులందరి ముందూ అన్నాను. ఒక్కటే కదా అని ఈ రోజు వదిలేస్తే రేపు ప్రతివాడూ ఒక్కటే కదా అంటాడు. సోమవారం దుక్కి."

"సరే బాబాయ్" అంది. అంతే అంది. బ్యాటరీ గోడకి గుద్దాడు. వాడి చెయ్యే వాచింది.

సోమవారం నాగళ్ళు తగిలించిన ట్రాక్టరు బీడు గట్టు మీదికొచ్చింది. నడిపింది ఆరాయే. యువరైతు సంఘంలో సగంమంది మొహం చూపించలేదు. అయిదుగురే వచ్చారు. ఆరా దిగి తాడు తీసింది.

"ఇప్పుడింకా తాడెందుకు?" అన్నాడు బాబాయి.

"మనుషులు నడవకుండా మిషను దిగకూడదు. నువ్వు ఒప్పుకున్నావు."

"కోత అయిపోయింది, పిల్లలు లేచిపోయాయి. ఇంకేముంది?"

"ఏముందో నాకూ తెలీదు. తాడు బిగువు నిలవాలంటే ఎనిమిది ముడులైనా పట్టుకోవాలి, మేం ఆరుగురం. నువ్వొకటి పట్టుకో. అత్తా, నువ్వొకటి."

తిట్టుకుంటూనే పట్టుకున్నాడు. నడిచాం. మొండి గడ్డి చెప్పుల్లోకి గుచ్చుకుంటోంది. బీడు సగం దాటాక, ఎక్కడి నుంచో ఒక తీతువు వచ్చి బాబాయి టోపీ మీద పడింది. టోపీ ఎగిరిపోయింది. పిట్ట చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చింది.

"కదలకు బాబాయ్!"

బాబాయి ఒక కాలు గాల్లో ఉండగా ఆగిపోయాడు. "ఎక్కడుంది?"

"నీ కాళ్ళ దగ్గరే ఎక్కడో."

"ఈ కాలు ఎక్కడ దించను?"

"దించకు!"

గంటసేపు అలా ఒంటికాలి మీద ఉన్నాడు. రెండు నిమిషాలే అని బ్యాటరీ అంటాడు. వాడికి గడియారం ఎక్కడిది, ఫోను చచ్చిపోయిందిగా. ఆరా మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చింది. నేల మీదున్న కాలి మడమకి బెత్తెడు దూరంలో, మొండి గడ్డి మధ్య, నాలుగు గుడ్లు. గుడ్లు పోగొట్టుకున్న జంట ఏదో కోతయ్యాక మళ్ళీ పెట్టింది.

ఆమెకి ముందే తెలుసు, నాటకమాడిందని ఊళ్ళో కొందరు అంటారు. నేను రెండో ముడి దగ్గర ఉన్నాను. ఆ పిల్ల మొహం చూశాను. ఆ నోరు ఎంత తెరుచుకుందంటే కాకి దూరొచ్చు.

బాబాయి నెమ్మదిగా కాలు దించి, గొంతుక్కూర్చుని చూశాడు. "అయితే ఇది పదోది" అన్నాడు.

"కాదు" అంది ఆరా.

నాకు ఆ పిల్ల నోరు నొక్కేయాలనిపించింది.

"పిల్లలు లేచిన గూళ్ళు పది అన్నావు. ఇవి ఇంకా గుడ్లే. కాకి తినొచ్చు, ఏమైనా అవ్వొచ్చు. అధ్యక్షుడివి నువ్వు. దున్నమంటే దున్నుతా."

ఆయన గుడ్ల వంక, ట్రాక్టరు వంక, మళ్ళీ గుడ్ల వంక చూశాడు. పిట్ట ఆయన బట్టతల మీద ఇంకోసారి పడింది. ఆయన తల కూడా దాచుకోలేదు.

"పొదగడానికి ఎన్నాళ్ళు?"

"ఇరవై ఎనిమిది రోజులు."

"ఎప్పుడు పెట్టింది?"

"తెలీదు."

"నిన్న పెట్టిందేమో."

"కావచ్చు."

"రేపే లేస్తాయేమో."

"అదీ కావచ్చు. చూస్తేగాని తెలీదు బాబాయ్."

ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ట్రాక్టరు వెనక్కి తిప్పు. ముందు ఇది తేలనీ."

ఆ గూడు ఎవరూ ఆయనకి అప్పజెప్పలేదు. అయినా రోజూ పొద్దున్నే గట్టు మీద రాయి దగ్గర నిలబడేవాడు. పెదాలు కదుల్తుండేవి. ఒకరోజు దగ్గరికెళ్ళి విన్నాను: "ఎనభై ఏడు, కుడికి ముప్పై." నన్ను చూసి దగ్గాడు. సంఘం ఆఫీసులో సభ్యులు దుక్కి ఎప్పుడని అడిగితే, "ఇంకా తేలలేదయ్యా" అనేవాడు, కోర్టు కేసులా. ఒకాయన గట్టిగానే అరిచాడు, పిట్ట కోసం విత్తనాలు ఆపుతావా అని. బాబాయి ఆయన్ని బీడుకి తీసుకెళ్ళి, గూటికి దూరంగా నిలబెట్టి, "గుడ్లు ఎక్కడున్నాయో కనుక్కో చూద్దాం" అన్నాడు. ఆయన కనుక్కోలేకపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

పద్దెనిమిదో రోజున వానలు పట్టుకున్నాయి. మామూలు వాన కాదు, మా వీధిలో క్యాన్లు తేలిపోయాయి. నల్లరేగడి కదా, బీడులోకి ట్రాక్టరు దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. మొక్కజొన్న అదను దాటిపోయింది. మూడు రోజుల తర్వాత వాన తెరిపిచ్చినప్పుడు బాబాయి గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకుంటూ పాల కేంద్రానికొచ్చాడు. "అమ్మాయ్! నూక ఉంది! గుంటలో నూక ఉంది!"

వెళ్ళాం. గూడు కాస్త మెరక మీద ఉండబట్టి నీళ్ళు నిలవలేదు, మూడు గుడ్లు లేచాయి. బొటనవేలంత పిల్లలు మూడు, తల్లి వెనక బురదలో పరుగులు పెడుతున్నాయి. నాలుగో గుడ్డు అలాగే ఉంది, చల్లగా.

బాబాయి వంగి దాన్నే చూస్తున్నాడు. "ఇదెందుకు లేవలేదు?"

"తెలీదు" అంది ఆరా.

"అన్నీ ఒకేచోట ఉన్నాయిగా. ఒకే తల్లి పొదిగిందిగా."

"అదే నాకూ అర్థం కావడం లేదు." ఇద్దరూ ఆ గుడ్డు చుట్టూ అలా కూర్చుండిపోయారు. నా చెప్పులు బురదలో ఇరుక్కున్నాయి, ఒక్కరూ చెయ్యి ఇవ్వలేదు.

ఆ శుక్రవారం సంఘం సమావేశంలో బాబాయి లేచి, ఈ ఏడు బీడులో దుక్కి లేదన్నాడు. బ్యాటరీ వెనక నుంచి, "పది అయ్యాయి కాబట్టా?" అని అరిచాడు.

"పది అయ్యాయి. కానీ గడువు దాటాక అయ్యాయి. కాబట్టి ఆ లెక్క చెల్లదు. నేల తడిసింది కాబట్టి దుక్కి లేదు, అలాగే రాయండి."

ఆరా తలూపింది. ఆ పిల్లకీ అదే సరైన లెక్క అనిపించింది కాబోలు. బీడు ఒక్క ఏడాదికే మిగిలిందని అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

"మరి వచ్చే ఏడు?" అని, విత్తనాలు ఆపుతావా అంటూ ఆ రోజు అరిచిన సభ్యుడే అడిగాడు.

బాబాయి కాగితాలు సర్దుకుంటూ, "వచ్చే ఏడు ముందు తాడు పట్టుకుని నడుద్దాం" అన్నాడు. "ఎన్ని ఉన్నాయో చూశాక మాట్లాడదాం. ఆ కాలవ వైపు ముడి మాత్రం నాది, ఇప్పుడే చెబుతున్నా."